దిగని ప్రయాణికుణ్ని నమ్ముకున్న దారి: ఢిల్లీ – రేక్యావిక్ విమాన మార్గంపై ఒక కేస్ స్టడీ

ఐస్‌ల్యాండ్‌కు చెందిన చౌక విమాన సంస్థ వావ్ ఎయిర్ 2018 డిసెంబరు తొలి వారంలో ఢిల్లీకి విమానాలు మొదలుపెట్టింది. అంతకు కొద్ది రోజుల ముందే, నవంబరు 29న, ఆ సంస్థను కొనబోతున్నామని ప్రకటించిన పోటీ సంస్థ ఐస్‌ల్యాండ్ఎయిర్ ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది. తొలి విమానం ఎగిరిన వారానికే, డిసెంబరు 13న, తన విమానాలను 20 నుంచి 11కు తగ్గించుకుంటున్నట్టు, 111 మంది ఉద్యోగులను తొలగిస్తున్నట్టు వావ్ ప్రకటించింది. జనవరి గడిచేలోపే ఢిల్లీ మార్గం మూతపడింది. మార్చి 28న సంస్థే మూతపడింది.

కొత్త మార్గం పనిచేస్తుందా లేదా అని ముందుగా లెక్క వేసి చెప్పడం నా వృత్తి. ఆ వృత్తిలో ఉన్నవాడికి ఇంత పొట్టి ఆయుష్షు గల మార్గం దొరకడం అరుదు. పదేళ్లు నడిచి ఆగిపోయిన మార్గంలో కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి దేన్నీ విడదీయలేం. ఇక్కడ అన్నీ పైకే కనబడతాయి. వావ్ పతనానికి ఇంధన ధరలు, అప్పులు, యజమాని ధీమా అంటూ చాలా కారణాలు చెప్పారు, అవన్నీ నిజమే. కానీ ఢిల్లీ మార్గాన్ని విడిగా తీసుకుని చూస్తే వాటన్నిటి కింద ఇంకో లోపం కనిపిస్తుంది. ఒక ద్వీప దేశానికి నడిపే విమానాన్ని ఆ ద్వీపంలో దిగేవాళ్ల కోసం కాక, అక్కడ విమానం మారి వెళ్లిపోయేవాళ్ల కోసం నడపడమే ఆ లోపం.

కెఫ్లావిక్ గడియారం

ఐస్‌ల్యాండ్ జనాభా అప్పటికి మూడున్నర లక్షలు, మన లెక్కలో ఒక మోస్తరు పట్టణం. అంత చిన్న దేశానికి రెండు అంతర్జాతీయ విమాన సంస్థలు ఎలా ఉండగలిగాయన్న ప్రశ్నకు జవాబు పటంలోనే ఉంది. అట్లాంటిక్‌కు నడుమ, ఉత్తరాన ఉన్న ఆ ద్వీపం నుంచి లండన్ మూడు గంటల దూరం, బోస్టన్ ఐదున్నర గంటల దూరం. సముద్రాన్ని ఒకే ఊపులో దాటాలంటే పెద్ద విమానం కావాలి, మధ్యలో, రాజధాని రేక్యావిక్‌కు దగ్గరలోని కెఫ్లావిక్ విమానాశ్రయంలో ఆగితే రెండు వైపులా చిన్న విమానం సరిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కట్టిన కెఫ్లావిక్ విమానాశ్రయాన్ని ఆసరా చేసుకుని, 1960లలోనే లోఫ్ట్‌లేదిర్ అనే సంస్థ న్యూయార్క్ నుంచి లక్సెంబర్గ్‌కు మిగతా సంస్థల కంటే తక్కువ ధరకు జనాన్ని చేరవేసింది. డబ్బు లేని యువకులంతా అందులోనే ఎక్కేవారు కాబట్టి దాన్ని హిప్పీ విమానం అని పిలిచేవారు.

ఈ ఏర్పాటుకు ప్రాణం సమయపట్టిక. అమెరికా నుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చే విమానాలు ఉదయం ఆరింటి ప్రాంతంలో కెఫ్లావిక్‌లో దిగుతాయి, అవే విమానాలు గంట రెండు గంటల్లో ఐరోపా నగరాలకు బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగొస్తాయి, మళ్లీ సాయంత్రం ఐదింటి ప్రాంతంలో అమెరికా బాట పడతాయి. ఒకే విమానం ఇరవై నాలుగు గంటల్లో ఒకసారి లండన్‌కు, ఒకసారి బోస్టన్‌కు వెళ్లి వస్తుంది. గాలిలో ఉండేది సుమారు పదహారున్నర గంటలు, మిగతా సమయం దింపుకోవడానికి, ఎక్కించుకోవడానికి, శుభ్రం చేయడానికి. సుమారు 200 సీట్లుండే ఎయిర్‌బస్ ఎ321 ఇలా తిరిగితే రోజుకు నాలుగు ప్రయాణాలు, అంటే 800 సీట్లు అమ్మకానికి వస్తాయి. ఐరోపా వెళ్లిన సిబ్బంది అదే విమానంలో మధ్యాహ్నానికి ఇంటికి చేరతారు. చౌక టికెట్ ఎక్కడి నుంచి వస్తుందని నన్ను ఎవరైనా అడిగితే ఈ గడియారాన్నే చూపిస్తాను. సీట్ల మధ్య ఎడం తగ్గించడం, నీళ్ల సీసాకు డబ్బు తీసుకోవడం దాని తర్వాతి మాటలు.

స్కూలి మోగెన్సెన్ 2011లో స్థాపించిన వావ్ 2012 మే 31న పారిస్‌కు తొలి విమానం నడిపింది. ఆ ఏడాది అక్టోబరులో ఐస్‌ల్యాండ్ ఎక్స్‌ప్రెస్ అనే మరో చౌక సంస్థ కార్యకలాపాలను తనలో కలుపుకుంది. 2015 మార్చిలో బోస్టన్‌కు 99 డాలర్ల నుంచి మొదలయ్యే ధరతో అట్లాంటిక్ అవతలికి వెళ్లింది. అంతవరకు నా దృష్టిలో చేసిన ప్రతి పనీ సబబే. ఒకే కుటుంబపు కొత్త విమానాలు, ఒకే గడియారం, దానికి తోడు పిలవకుండానే వచ్చిన అదృష్టం. 2010 ఏప్రిల్‌లో ఏయాఫ్యాట్లాయోకుల్ అగ్నిపర్వతం బద్దలై ఐరోపా ఆకాశాన్ని రోజుల తరబడి మూసివేసినప్పుడు ఐస్‌ల్యాండ్ పేరు ప్రపంచమంతా మారుమోగింది. ఆ ఏడాది ఐదు లక్షల లోపు ఉన్న విదేశీ సందర్శకుల సంఖ్య 2018 నాటికి 23 లక్షలకు చేరింది. ఆ వచ్చేవాళ్లు ద్వీపంలో దిగేవాళ్లు. హిమానీనదాలు చూడాలని, ఉత్తర కాంతులు చూడాలని వచ్చేవాళ్లకు కెఫ్లావిక్ తప్ప వేరే దారి లేదు, కాబట్టి వాళ్లు టికెట్‌కు ఓ యాభై డాలర్లు ఎక్కువైనా ఇస్తారు.

కెఫ్లావిక్‌లో విమానం మారి వెళ్లిపోయేవాడి సంగతి వేరు. అతనికి కావలసింది బాల్టిమోర్ నుంచి బెర్లిన్. ఆ ప్రయాణానికి ఇరవై దారులున్నాయి. అతను వెతికే తెరమీద ధరలు వరుసగా కనిపిస్తాయి, అన్నిటికంటే తక్కువదాన్ని ఎంచుకుంటాడు. పైగా అతను ఒక్క టికెట్ కొని రెండు విమానాల్లో రెండు సీట్లు ఆక్రమిస్తాడు. ఖాళీగా పోయే సీటులో అలాంటి ప్రయాణికుణ్ని కూర్చోబెట్టుకోవడం తెలివైన పనే. అతని కోసమని కొత్తగా విమానం అద్దెకు తెచ్చుకుంటే మాత్రం లెక్క తలకిందులవుతుంది.

పెద్ద విమానం వచ్చాక

2016లో లాస్ ఏంజిలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో మార్గాల కోసం వావ్ ఎ330 విమానాలు తెచ్చింది. అమెరికా పశ్చిమ తీరం ఎ321 అందుకోలేని దూరం కనుక ఇవి తప్పలేదు. కానీ సుమారు 340 సీట్ల విమానాన్ని నింపడానికి ద్వీపంలో దిగేవాళ్లు చాలరు, విమానం మారేవాళ్లతో నింపాలి. వేసవిలో ఎలాగో నిండుతుంది. చలికాలంలో రేక్యావిక్‌లో పగలు నాలుగైదు గంటలే ఉండే రోజుల్లో ఆ విమానం ఏం చేయాలి? లీజు అద్దె వేసవికీ చలికాలానికీ ఒక్కటే. నిలబెడితే నష్టం కనుక ఎక్కడికో ఒకచోటికి పంపాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ప్రపంచంలో ఎక్కడ గిరాకీ ఉంటుందని వెతికితే భారత్ – అమెరికా రాకపోకలు తప్పకుండా కంటపడతాయి. ఢిల్లీ నిర్ణయం ఇలాగే పుట్టిందని నా అంచనా. విమానం ముందు వచ్చింది, మార్గం దాని కోసం తర్వాత వెతికారు. మా వృత్తిలో ఈ వరుస తిరగబడిన ప్రతిచోటా చివరికి ఎవరో ఒకరు ఏడుస్తారు.

ఢిల్లీ నుంచి కెఫ్లావిక్‌కు సుమారు 7,600 కిలోమీటర్లు, పదిన్నర గంటల ప్రయాణం. వెళ్లి రావడానికి గాలిలోనే ఇరవై ఒక్క గంటలు, ఢిల్లీలో నిలిచే సమయం కలిపితే ఒక రోజంతా గడిచిపోతుంది. అంటే పెద్ద అద్దె కట్టే ఎ330 ఆ రోజు అమ్మకానికి పెట్టేది 680 సీట్లు, చిన్న అద్దె కట్టే ఎ321 పెట్టేది 800. సిబ్బంది సంగతి చూస్తే, వారానికి మూడు విమానాలే ఉన్నప్పుడు ఢిల్లీలో దిగిన పైలట్లు, క్యాబిన్ సిబ్బంది తర్వాతి విమానం వచ్చేదాకా రెండు మూడు రోజులు హోటల్‌లో ఉండాలి, ఆ రోజుల జీతం ఐస్‌ల్యాండ్ క్రోనాల్లో పడుతూనే ఉంటుంది. కెఫ్లావిక్ గడియారం ఇచ్చిన లాభాలన్నీ ఈ ఒక్క మార్గంలో ఒకేసారి పోయాయి.

ఇంధనానికి చేతిలెక్క ఒకటి వేస్తాను. ఎ330 గంటకు ఐదున్నర నుంచి ఆరు టన్నుల ఇంధనం తాగుతుంది, కాబట్టి ఢిల్లీ ప్రయాణానికి సుమారు 60 టన్నులు. టన్నుకు 700 డాలర్లు, డాలరుకు 70 రూపాయలు అనుకుంటే, విమానం నిండా జనం ఉన్నా ఒక్కో సీటుకు దాదాపు 8,650 రూపాయలు ఇంధనానికే పోతాయి. నూటికి ఎనభై సీట్లే నిండితే ఒక్కొక్కరి మీద పదివేల ఎనిమిది వందలు పడుతుంది. లీజు, నిర్వహణ, సిబ్బంది, ఢిల్లీ విమానాశ్రయపు రుసుములు, గగనతల రుసుములు ఇంకా రాయనేలేదు. వావ్ ప్రకటించిన ధర, పన్నులతో కలిపి, ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా నగరాలకు ఒక వైపు 13,499 రూపాయల నుంచి మొదలు. అంటే ఆ డబ్బులోనే కెఫ్లావిక్ నుంచి నెవార్క్‌కు మరో 4,200 కిలోమీటర్ల ప్రయాణం కూడా ఇమడాలి.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ప్రకటనలో కనిపించే ధర కొద్ది సీట్లకే ఉంటుంది, సంస్థ బతికేది సగటు ధర మీద. కాబట్టి 13,499ని పట్టుకుని వెక్కిరించడం సరికాదు. సగటు ధర దానికి రెండున్నర రెట్లు వచ్చి ఉంటే మార్గం నిలబడేదేమో. రాగలదా అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు ఢిల్లీలో కంటే హైదరాబాద్‌లో, విజయవాడలో సులభంగా దొరుకుతుంది.

రెండు సూట్‌కేసుల లెక్క

ఆ ప్రకటన వచ్చిన రోజుల్లో మా పిన్ని విజయవాడ నుంచి ఫోన్ చేసి, "పదమూడు వేలకే అమెరికా అంటున్నారు, నిజమేనంట్రా?" అని అడిగింది. ఆమె కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. వృత్తిరీత్యా వచ్చిన కుతూహలం కొద్దీ ఆమె ప్రయాణాన్ని పూర్తిగా కాగితం మీద పెట్టి చూశాను.

అమెరికా వెళ్లే తెలుగు తల్లిదండ్రుల సామాను రెండు సూట్‌కేసులు, ఒక్కొక్కటి 23 కిలోలు. తూకం యంత్రం మీద 22.8 దగ్గర ఆపడం మన ఇళ్లలో ఒక విద్య. గల్ఫ్ సంస్థల టికెట్‌లో ఆ 46 కిలోలు ధరలోనే కలిసి ఉండేవి, హైదరాబాద్‌లో అప్పజెప్పిన పెట్టె దుబాయి మీదుగానో దోహా మీదుగానో అమెరికాలో చేతికొచ్చేది. వావ్ ధరలు బేసిక్, ప్లస్, కంఫీ, ప్రీమియం అని నాలుగు రకాలు. ప్రకటనలో కనిపించేది బేసిక్, అందులో చిన్న చేతిసంచికే చోటు. చెక్-ఇన్ పెట్టెకు వేరే రుసుము, భోజనానికి వేరే రుసుము, నచ్చిన సీటుకు వేరే రుసుము. దీనికి ముందు హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విడిగా టికెట్ కొనాలి. దేశీయ చౌక విమానాల్లో ఉచితంగా ఇచ్చేది 15 కిలోలే కాబట్టి మిగతా 31 కిలోలకు కిలోకు కొన్ని వందల చొప్పున కట్టాలి. ఢిల్లీలో పెట్టెలు వెనక్కి తీసుకుని, ఒక్కోసారి టెర్మినల్ మారి, మళ్లీ వరుసలో నిలబడి అప్పజెప్పాలి. డిసెంబరు పొగమంచులో దేశీయ విమానం ఆలస్యమైతే రెండో టికెట్ బాధ్యత ఎవరిదీ కాదు. ఇవన్నీ కూడితే గల్ఫ్ సంస్థ ధరకు నాలుగైదు వేల తేడాలో వచ్చి ఆగింది. అరవై దాటిన మనిషి నాలుగైదు వేల కోసం ఇంత తిప్పలు పడదు. మా పిన్ని కూడా పడలేదు.

నేను దీన్ని ఇంటి కబురుగా చెప్పడం లేదు. భారత్ – అమెరికా రాకపోకల్లో పెద్ద భాగం ఇలా అయినవాళ్లను చూడ్డానికి వెళ్లేవాళ్లదీ, చదువుకు వెళ్లే పిల్లలదీ. పెట్టె లేకుండా ప్రయాణించే వాళ్లు వాళ్లలో దాదాపు లేరు. పెట్టెకు, తిండికి, సీటుకు వేర్వేరుగా డబ్బు తీసుకునే పద్ధతి బోస్టన్ నుంచి వారాంతానికి వీపున సంచి వేసుకుని వచ్చే ఇరవై ఐదేళ్ల కుర్రాడికి సరిపోతుంది, ఎందుకంటే అతను అవేవీ కొనడు, కొనకపోవడమే అతనికి లాభం. మన ప్రయాణికుడు అన్నీ కొనాలి, కొంటే చౌకదనం పోతుంది. ఈ మార్గంలో సగటు ధర పెరగడానికి వావ్‌కు ఒకే దారి పెట్టెల రుసుము, ఆ దారిలోనే ప్రయాణికుడు పోటీదారు వైపు జారిపోతాడు.

ఇక ద్వీపంలో రెండు రోజులు ఆగి చూసి వెళ్లండన్న ఆహ్వానం. అమెరికన్‌కు ఇది గొప్ప ఆకర్షణ. ఐస్‌ల్యాండ్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు ఒకే వీసా చెల్లే షెంగెన్ ప్రాంతంలో తొంభై రోజుల వరకు అతనికి వీసా అక్కర్లేదు కనుక మనసైతే దిగిపోతాడు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాడు విమానాశ్రయం గడప దాటాలంటే షెంగెన్ వీసా కావాలి, దానికి అపాయింట్‌మెంట్, బ్యాంకు ఖాతా వివరాలు, హోటల్ బుకింగులు, రుసుము. అమెరికాకు కొడుకు దగ్గరికి వెళ్లే మనిషి దారిలో రెండు రోజుల కోసం ఇంకో వీసాకు పూనుకోవడం అరుదు. కాబట్టి కెఫ్లావిక్‌కు అట్లాంటిక్ రెండు తీరాల నుంచీ వచ్చిన మేలు, విమానం మారేవాళ్లలో కొందరు దిగేవాళ్లుగా మారడం, ఢిల్లీ వైపు నుంచి దాదాపు రాదు. మధురై వెళ్తున్నవాడు దారిలో తిరుపతిలో ఆగి దర్శనం చేసుకుని వెళ్లినంత తేలికైన వ్యవహారం కాదది.

అప్పు, ఆశ

2018 సెప్టెంబరులో వావ్ 5 కోట్ల యూరోల బాండ్లు అమ్మింది. ఐరోపా బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే యూరిబార్ రేటుకు పైన మరో తొమ్మిది శాతం వడ్డీ ఇస్తామంటే తప్ప కొనేవాళ్లు రాలేదు. ఆ వడ్డీ రేటే ఒక రోగ నివేదిక. ముడిచమురు ధర అక్టోబరులో బ్యారెల్‌కు 80 డాలర్లు దాటింది. ఇదే తరహాలో అట్లాంటిక్ దాటించిన ప్రైమెరా ఎయిర్ అక్టోబరు మొదట్లో ఆగిపోయింది. నవంబరు 5న ఐస్‌ల్యాండ్ఎయిర్ కొంటానంది, 29న వద్దంది. తర్వాత అమెరికాకు చెందిన ఇండిగో పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థ మాట్లాడటం మొదలుపెట్టింది (మన ఇండిగోకు దీనికి సంబంధం లేదు, ఆ రోజుల్లో మన పత్రికల పాఠకులు కొందరు పొరబడ్డారు).

ఇంత జరుగుతుండగా ఢిల్లీ ప్రారంభాన్ని ఎందుకు ఆపలేదన్నది నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న. టికెట్లు నెలల ముందే అమ్ముడయ్యాయి, ఆ డబ్బు సంస్థ ఖాతాలో పడింది, దానితోనే పాత బిల్లులు కడుతూ ఉండవచ్చు. కొత్త మార్గం రద్దు చేస్తే ఆ డబ్బు తిరిగివ్వాలి. డబ్బు అందక ఊపిరాడని విమాన సంస్థకు కొత్త మార్గం ప్రకటించడం అంటే వడ్డీ లేని అప్పు తీసుకోవడంతో సమానం. అందుకే ఇబ్బందుల్లో ఉన్న సంస్థ ఎక్కడో దూరాన కొత్త మార్గం ప్రకటించినప్పుడల్లా నేను టికెట్ ధర కంటే ముందు దాని అప్పుల పట్టిక చూస్తాను. డిసెంబరులో మోగెన్సెన్ కూడా తమ సంస్థ చౌక పద్ధతి నుంచి పక్కకు జరిగిపోయిందని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఎ330లను వదిలేసి, నాలుగు ఎ321లను ఎయిర్ కెనడాకు అమ్మి, మళ్లీ పాత గడియారానికి తిరిగి రావాలని చూశారు. అప్పటికి సమయం మించిపోయింది.

ద్వీపానికి ఏమైంది

2019 మార్చి 28న వావ్ ఆగిపోయినప్పుడు వెయ్యి మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. వేలమంది ప్రయాణికులు రెండు ఖండాల్లో చిక్కుకుపోయారు. మూడున్నర లక్షల జనాభా గల దేశంలో వెయ్యి ఉద్యోగాలంటే తేలిక కాదు. అంతకుముందు ఏడాది వావ్ 35 లక్షల మందిని చేరవేసింది. కెఫ్లావిక్ విమానాశ్రయం ఉపయోగించుకున్నవాళ్లు 2018లో 98 లక్షలు, 2019లో 72 లక్షలు. సందర్శకులు 23 లక్షల నుంచి 20 లక్షలకు తగ్గారు. మే నెలలో ఐస్‌ల్యాండ్ కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును అర శాతం తగ్గించింది.

ఈ అంకెల్లో నేను గమనించేది ఒకటుంది. విమానాశ్రయం వాడినవాళ్లు నూటికి ఇరవై ఆరు మంది తగ్గితే, దేశంలో దిగిన సందర్శకులు నూటికి పదమూడు పద్నాలుగు మందే తగ్గారు. తగ్గిన మిగతావాళ్లలో అధికభాగం విమానం మారి వెళ్లిపోయేవాళ్లే. వాళ్లు ద్వీపంలో ఒక కాఫీ కొని ఉంటారు. దిగాలనుకున్నవాళ్లు మాత్రం వేరే విమానం వెతుక్కుని వచ్చారు.

విమానాశ్రయ సంస్థ ఇసావియాకు వావ్ బాకీ సుమారు 200 కోట్ల క్రోనాలకు పెరిగింది. ప్రభుత్వ సంస్థ అంత బాకీ ఎందుకు పెరగనిచ్చిందంటే, వచ్చేవాళ్లలో పాతిక శాతానికి పైగా తెచ్చిపెడుతున్న సంస్థను గట్టిగా అడిగే ధైర్యం ఏ విమానాశ్రయానికీ ఉండదు. చివరకు ఎయిర్ లీజ్ కార్పొరేషన్ అద్దెకిచ్చిన ఒక ఎ321ను, మొత్తం బాకీకి తాకట్టుగా, కెఫ్లావిక్‌లో ఆపేశారు. ఆ విమానం యజమాని కోర్టుకెక్కి జులైలో గాని దాన్ని విడిపించుకోలేకపోయాడు. విమానాలు అద్దెకిచ్చేవాళ్లు ఈ ఉదంతాన్ని అంత త్వరగా మరచిపోరు. ఆ తర్వాత ద్వీపంలో పుట్టే ఏ కొత్త సంస్థకైనా అద్దె షరతులు బిగుసుకునే ఉంటాయి.

అయినా కొత్త సంస్థ పుట్టింది. ప్లే అనే పేరుతో 2021 జూన్‌లో లండన్ స్టాన్‌స్టెడ్‌కు తొలి విమానం నడిపింది, 2022 ఏప్రిల్‌లో బాల్టిమోర్‌తో అమెరికా వెళ్లింది. వావ్ చేసిన తప్పు అది చేయలేదు. ఎ320 నియో కుటుంబం దాటి పెద్ద విమానాల జోలికి పోలేదు, గడియారం చెడగొట్టుకోలేదు. అందువల్ల తప్పంతా ఎ330దే అన్న తేలిక తీర్పు నిలవదు. ప్లే కూడా అట్లాంటిక్ దాటేవాళ్లకు కెఫ్లావిక్‌లో విమానం మార్పించే వ్యాపారాన్నే ప్రధానంగా పెట్టుకుంది. జీతాలు క్రోనాల్లో ఇచ్చి, టికెట్లు డాలర్లలో, యూరోల్లో అమ్మి, పెద్ద సంస్థలు బేసిక్ ధరలు మొదలుపెట్టిన తర్వాత వాటితోనే తలపడింది. అది లాభాలివ్వదని తేలాక అమెరికా విమానాలు తగ్గించుకుంది. ఐస్‌ల్యాండ్ జనాన్నే ఎండకాసే దక్షిణ ఐరోపా తీరాలకు తీసుకెళ్లడం, మిగిలిన విమానాలను ఇతర సంస్థలకు అద్దెకివ్వడం అనే కొత్త దారికి మళ్లింది. ఆ దారి నిలుస్తుందో లేదో తేలకముందే, 2025 సెప్టెంబరు 29న, ప్లే కూడా ఆగిపోయింది.